మచ్చుకిచ్చిన నెత్తురు

అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. కీమో గది బయట బల్ల మీద ఇద్దరు గుండు మనుషులు కూర్చున్నారు. నడి వేసవిలో చేతులకి ఉన్ని తొడుగులు వేసుకున్నవాడు బెల్లం రైతు కొర్లయ్య. ఒళ్ళో అరటిపళ్ళ సంచీ పెట్టుకున్నవాడు అతని బావమరిది సత్తియ్య.

"...పొటాషియం మూడున్నర దాటిందా, గెలిచినట్టే. దాటలేదా, మళ్ళీ ఇంటికే. నువ్వేటిరా సత్తియ్యా, ఆ మొకం అలగ పెట్టేవు?"

"ఊఁ."

"ఊఁ ఏటి? రిపోర్టు వచ్చీ టయానికి మొకం నవ్వుతా ఉండాల. లేకపోతే సిస్టరమ్మకి అనుమానం వత్తాది."

"నవ్వుతన్నాను బావా."

"అది నవ్వా? పన్ను సలిపినోడు అలగుంటాడు. ఇదిగో, ఎవులడిగినా ఒకటే మాట. తెల్లారగట్ల లేబు సింహాచలం మనింటికి వచ్చేడు, అరుగు మీద కూకున్న కొర్లయ్య నెత్తురు తీసేడు, బండెక్కి ఎళ్ళిపోయేడు. అంతే."

"అరుగు మీద కూకున్నది నేను కదా."

"మెల్లిగా! ఆ పక్క బల్ల మీద ఆవిడ ఇటే సూత్తంది."

"నేనే కదా కూకున్నాను. నా సెయ్యే కదా గుచ్చేడు."

"గుచ్చేడు. సీసా మీద ఎవుల పేరు రాసేడు?"

"నీ పేరు."

"కొర్లయ్యేనా అని అడిగేడా?"

"అడిగేడు."

"నువ్వేటన్నావు?"

"ఊఁ అన్నాను."

"అంటే అబద్దం ఆడేవా?"

"ఊఁ అన్నాను. అంతే."

"అదీ! నీ ఊఁ కి అర్థం ఏటో నీ తోడబుట్టిన లోవలక్ష్మికే ఇప్పటికీ తెలీదు. సింహాచలానికేటి తెలుత్తాది? పైగా ఆడికి కళ్ళజోడు లేకపోతే గుమ్మం కనపడదు. ఇద్దరికీ గుండు, ఇద్దరికీ మంకీ కేపు. నాకు జబ్బని ఉప్మాక ఎంకన్నకి నాతో పాటు నువ్వూ జుట్టిచ్చేవు సూడు, ఇప్పుడు పనికొచ్చింది."

"తప్పేమో బావా."

"తప్పా? నలబయ్యేళ్ళు మన మార్కెట్లో బెల్లం అమ్మేను. ఏనాడైనా మాడిన దిమ్మ మచ్చుకి పెట్టేనా?"

"లేదు."

"యాపారి ముందు ఏ దిమ్మ పగలగొడతాం?"

"మంచిది."

"మంచి రంగు తేలినది. సేత్తో ఇరిత్తే ఫట్‌మని ఇరిగీది. మచ్చంటే అది. కొనీవోడికీ తెలుసు, అమ్మీవోడికీ తెలుసు. మరి నెత్తురు మచ్చు ఇమ్మంటే మాత్రం, మందులు పడి పాడైపోయిన నాదే ఇయ్యాలేటి? ఎద్దులాటోడివి ఇంట్లో నువ్వుండగా?"

"ఎద్దుకి పిక్కలు పట్టేత్తన్నాయి బావా."

"కూకుంటే పట్టవా మరి? లేచి అటూ ఇటూ తిరుగు. అదిగో, ఎక్కడికి?"

"ఒంటికి."

"ఇప్పుడే కదరా ఎళ్ళొచ్చేవు!"

"కాళ్ళ వాపుకని మనూరి ఆరెంపీ మాత్రిచ్చేడు కదా. అది ఏసుకుంటే ఆగదు."

"రోజుకొకటే కదా ఏసుకోమన్నాడు?"

"ఒకటేత్తే సగం వాపు తగ్గింది. అందుకని రెండేత్తన్నాను."

"ఎళ్ళు, ఎళ్ళు. బేగి రా. ఆ సంచీ ఇక్కడెట్టి ఎళ్ళు. ఉండు, ఇందులో ఆరు పళ్ళుండాల. నాలుగే ఉన్నాయి."

"ఏమో."

"నిన్నా ఆరెడితే నాలుగే మిగిలేయి. మొన్నా అంతే. రెండు వారాలై ఇదే లెక్క."

"ఎలకలేమో."

"ఇంట్లో ఎలకంటే నమ్ముతాను. బస్సులో మన మజ్జిన కూకుని టిక్కెట్టు తీసుకుందేటిరా ఎలక?"

"వత్తాను బావా. ఆగట్లేదు."

సత్తియ్య వెళ్ళి, గోడ పట్టుకుంటూ తిరిగి వచ్చాడు.

"వచ్చేవా? ఆ ప్లాస్కు మూత తియ్యి. స్టీలుది, నేను ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుంటాది."

"ఇంకా తగ్గలేదా?"

"ఎక్కడ? ఆ మందు పడ్డ కాడినించీ సల్లటిది ఏది ముట్టుకున్నా ఏళ్ళకి ముళ్ళు దిగుతాయి. మొన్న కుండలో నీళ్ళు మరిసిపోయి తాగేను, గొంతులో జెర్రి పాకినట్టయింది. కొబ్బరినీళ్ళు ఎచ్చబెట్టి తాగినోణ్ణి ఈ జిల్లా మొత్తమ్మీద నన్నొక్కణ్ణే సూత్తావు నువ్వు."

"ఎలగున్నాయి?"

"ఇనపగరిటి నాకినట్టున్నాయి. అన్నమూ అలగే, కూరా అలగే, నేను వండిన బెల్లమూ అలగే. పరవాలేదు. ఇవన్నీ మందు సేసీ అల్లరే అని సిస్టరమ్మ ముందే సెప్పింది, అల్లరికి నేను బయపడను. నా బయమల్లా మందు పడకపోవడం గురించే. మూడు వారాలకోసారి పడాలా? ఇప్పటికి ఎన్నాళ్ళయింది?"

"అయిదు."

"అయిదు వారాలు! రెండుసార్లు వచ్చేను, రెండుసార్లూ పొటాషియం తక్కువని ఇంటికి తోలేరు. డాక్టరు గారు ఏటన్నారు? 'కొర్లయ్యా, ఇంక ఎడం వత్తే లోపల గెడ్డ మళ్ళీ లేత్తాది' అన్నారా లేదా?"

"అన్నారు."

"అందుకే ఇంత యేసం. లేకపోతే నాకేటి సరదా? సెరుక్కి ఎకరానికి ఇంతని బస్తాలతో పొటాషు సల్లినోణ్ణి నాను. నా సెరుక్కి ఏనాడూ ఆకు అంచు ఎండలేదు. నా ఒంట్లో పొటాషు లేదంట! ఊళ్ళో తెలిత్తే నవ్వుతారు."

"నా నెత్తురు కాకుండా అక్కది ఇచ్చుంటే బాగుణ్ణు బావా."

"మళ్ళీ మొదలెట్టేడు. వారం రోజులై ఇదే పాట. అక్కది ఇద్దాం, పక్కింటోళ్ళది ఇద్దాం. నీదిత్తే ఏటి, అరిగిపోతాదేటి?"

"అది కాదు..."

"సుష్! సిస్టరమ్మ వత్తంది. నవ్వు. అంత ఒద్దు, తగ్గించు."

"కొర్లయ్య గారూ, మీ రిపోర్టు వచ్చిందండి."

"నాకు తెలుసమ్మా బిందుమాధవమ్మా, ఇయ్యాల అదిరిపోవాల. మూడున్నర దాటిందా, నాలుగు దాటిందా?"

"రెండున్నర."

"ఎంత?"

"రెండు పాయింటు అయిదు. కిందటి వారం రెండు ఎనిమిది, అంతకుముందు రెండు తొమ్మిది. ఇంకా పడిపోయింది."

"కాదమ్మా, తిన్నగా సూడు. అది ఎవుల రిపోర్టు?"

"మీదేనండి. పేరుంది, వయసుంది."

"ఒరే సత్తియ్యా! ఏటిరా ఇది? ఏటిరా నీ పొగరు? ఎద్దులాటోణ్ణంటావు, కంచం నిండా తింటావు, ఇదా నువ్వు సేసీది?"

"ఆయన్నెందుకు తిడతారండీ? ఆయనేం చేశారు?"

"ఏటీ లేదమ్మా. పక్కనుండి... సరిగ్గా సూసుకోలేదని."

"నేను అడగాల్సింది మిమ్మల్ని. సిరప్ తాగుతున్నారా?"

"ఏ సిరప్పు?"

"పొటాషియం సిరప్. రోజుకి మూడుసార్లు తాగమని రెండు సీసాలిచ్చేం."

"ఆఁ, అదా. అయిపోయేయి."

"అయిపోవడం కాదు. తాగేరా?"

"తాగింది."

"ఎవరు?"

"మా పెరట్లో అరటిసెట్టు."

"ఏటండీ?"

"కోప్పడకమ్మా, ఇను. నోట్లో పోసుకుంటే సముద్రం తాగినట్టుంది, వాంతొచ్చింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు. రైతుని కదా, ఆలోచించేను. అరటిపండులో పొటాషియం ఉంటాదన్నది నువ్వే. అది పండులోకి ఎక్కణ్ణించి వత్తాది? సెట్టు ఏరులోంచి. అందుకని ఆ మందు దాని మొదట్లో పోసేను. అది తాగుతాది, గెల ఏత్తాది, ఆ గెల నేను తింటాను. మందు నాకే కదా వత్తాది? కాపోతే కొంచెం సుట్టూ తిరిగి వత్తాది."

"దేవుడా! గెల ఎప్పుడు పండుతుంది?"

"ఇంకో రెండు నెల్లు. పువ్వు మాత్రం ఇంతుంది తల్లీ, మా ఈదిలో అందరూ వచ్చి సూత్తన్నారు."

"సత్తియ్య గారూ, మీరైనా చెప్పకూడదా?"

"సెప్పేనమ్మా. గోడౌన్లో పొటాషు బస్తా ఉంది, అందులోంచి సిటికెడు..."

"ఆ బస్తా జోలికి ఇద్దరూ వెళ్ళకండి! అది పొలానికి వేసేది. పొటాషియం తక్కువైనా గుండెకి ప్రమాదం, ఎక్కువైనా ప్రమాదం. చెరుకు చేను కాదిది, కొలిచి ఇవ్వాలి. విన్నారా?"

"సిటికెడు అన్నాడు గాని పెట్టలేదమ్మా. సాక్షి నాను. అది సరే, మందు సంగతేటి? ఎక్కిత్తారా?"

"కీమోనా? ఈ రిపోర్టుతోనా? మీకు ఇదివరకే చెప్పేను. మామూలుగా ఇచ్చే మందులే ఒంట్లో పొటాషియం తక్కువున్నవాళ్ళకి ఇస్తే గుండె లయ తప్పుతుంది. వాంతుల ఇంజక్షను కూడా అంతే. గుండె కొట్టుకోవడం మరిచిపోయిందనుకోండి, అప్పుడు గెడ్డ ఉంటే ఏటి, పోతే ఏటి?"

"అయితే మూడోసారీ ఇంటికేనా?"

"ఇంటిక్కాదు. రెండున్నరంటే ఇంటికి పంపరు. మంచం ఎక్కండి. ముందు గుండె గ్రాఫు తీస్తాను, తర్వాత పొటాషియం సెలైన్లో కలిపి మెల్లగా ఎక్కిస్తాం. మూడు రోజులు ఇక్కడే ఉండాలి. కీమో సంగతి ఆ తర్వాత."

"మూడ్రోజులా!"

"నేను మిషను తెస్తాను. తొడుగులు తీసి, చొక్కా గుండీలు విప్పి ఉండండి."

సిస్టరు మిషను కోసం వెళ్ళింది. కొర్లయ్య కీమో గదిలోకి వెళ్ళి మంచం ఎక్కాడు. సత్తియ్య మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

"సూసేవా, మచ్చుకి మాడిన దిమ్మ నువ్వేనేటిరా!"

"నిజం సెప్పేద్దాం బావా."

"సెప్తే? లేబోడికి దొంగ నెత్తురు ఇచ్చినోడని తోసేత్తారు. ఇంక జన్మలో మందు ఎక్కించరు. నోరు మూసుకో. పొటాషే కదా, ఎక్కించనీ. నాకూ తక్కువే కదా. కిందటి వారం రెండు ఎనిమిది వచ్చింది, ఇప్పుడు ఇంకో నూక అటూ ఇటూ ఉంటాది."

"ఎక్కువైనా ప్రమాదమంది కదా."

"నాకెక్కడ ఎక్కువుంటాదిరా?"

"నీకెంతుందో నీకు తెలీదు కదా బావా."

"రెండు ఎనిమిది అని సెప్తన్నాను కదా! ఏటలగ సూత్తావు?"

"ఏటీ లేదు. దడగా ఉంది."

"నాకుండాల దడ, నీకెందుకు? సుష్, వత్తంది."

"పడుకోండి కొర్లయ్య గారూ. ఈ వైర్లు కాస్త చల్లగా ఉంటాయి."

"అమ్మో! అమ్మో! ముళ్ళు! ముళ్ళు!"

"అయిపోయింది, అయిపోయింది. కదలకండి. ఊపిరి మామూలుగా తీసుకోండి. ఊఁ... ఇదేటిది?"

"ఏటమ్మా? ఆగిపోయిందా?"

"లేదు. చాలా బాగుంది."

"బాగుంటే అలగంటావేటి, బయమెట్టేవు కదా!"

"అదేనండి. రెండున్నర ఉన్నవాళ్ళ గ్రాఫు ఇలాగుండదు. ఏదో ఒక తేడా కనపడాలి. ఇది పెళ్ళికొడుకు గ్రాఫులాగ ఉంది. కొర్లయ్య గారూ, నిజం చెప్పండి. ఆ రక్తం మీదేనా?"

"మా ఇంటిదే."

"మీ ఇంట్లో ఎవరిది?"

"అందరిదీ ఒకటే కుటుంబం కదమ్మా."

"ఎవరి చెయ్యి గుచ్చేడు సింహాచలం?"

"సెయ్యంటే... అరుగు మీద కూకున్న... ఒరే సత్తియ్యా, నువ్వు సెప్పు... ఒరే! ఒరే, పడిపోతన్నాడు! సిస్టరమ్మా, పట్టుకో!"

"పట్టుకున్నాను! సత్తియ్య గారూ! ఏటయింది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"కాళ్ళు... ఎత్తలేకపోతన్నాను."

"ఎప్పట్నించీ?"

"నెలయ్యింది. ఇయ్యాల మరీను."

"పిక్కలు పట్టేస్తున్నాయా? గుండె దడా?"

"ఊఁ."

"ఏం మాత్రలు వాడుతున్నారు?"

"నేను సెప్తానమ్మా, ఆడికి మాట రాదు. కాళ్ళ వాపుకి మా ఆరెంపీ ఇచ్చేడు. ఒకటేత్తే ఒంటికి నాలుగుసార్లు ఎళ్తాడు. ఈ తెలివైనోడు రెండేత్తన్నాడు."

"ఆ మాత్ర పొటాషియాన్నంతా ఒంటేల్లో పంపించేస్తుందండీ! ఆ రిపోర్టు... ఆ రక్తం ఈయనది. అవునా? కొర్లయ్య గారూ, మిమ్మల్నే."

"అవునమ్మా. మచ్చుకిచ్చేను."

"మచ్చేటి?"

"మార్కెట్లో మంచి దిమ్మ మచ్చుకి ఎడతాం కదా, అలగే. ఆడు మంచి దిమ్మ అనుకున్నాను తల్లీ. నన్ను తోసీకండి. నాకు మందు పడాల."

"బెల్లం మచ్చు మంచిదిస్తే మోసపోయేది వ్యాపారి. ఇక్కడ మంచి మచ్చిస్తే మోసపోయేది మీ గుండె! ఈయన రక్తం బాగుండి, మీది తక్కువై ఉంటే? నేను కీమో పెట్టేసేదాన్ని. మీరు ఈ మంచం మీదే పోయేవారు. తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది."

"ఇప్పుడు మీకు పొటాషియం పెట్టబోయేను. మీకు సరిపడా ఉంటే అదీ ప్రమాదమే. జరగండి. సత్తియ్య గారూ, ఆ పక్క మంచం ఎక్కండి. లేవకండి, ఒంటికొస్తే ఇక్కడికే సీసా తెస్తారు. ఇద్దరి రక్తం నేనే తీస్తాను, నా చేత్తో. ఇక్కడి మిషన్లోనే పెడతాను, పది నిమిషాలు. కొర్లయ్య గారూ, ముందు మీ చెయ్యి."

"ఇటా?"

"పిడికిలి బిగించండి."

"అబ్బా! అబ్బబ్బా!"

"అంత అరుస్తారేటండీ? ఇంట్లో రెండుసార్లు తీయించుకున్నారు కదా?"

"సింహాచలం సెయ్యి వేరమ్మా! కళ్ళు లేకపోయినా సెయ్యి బంగారం. వాంతుల మాత్ర ఏసుకుంటే నేను మడిసిని కాను, దిమ్మని. రెండుసార్లూ నిద్దట్లోనే తీసుకెళ్ళేడు. తీసినట్టే తెలీలేదు. లేచి సూసుకుంటే దోమ కుట్టినంత గురుతు కూడా లేదు. అవునా కాదేటిరా సత్తియ్యా?"

"ఊఁ."

మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టి వెళ్ళాడు. ఇప్పుడు పక్క పక్క మంచాల మీద ఇద్దరికీ రెండు సీసాలు వేలాడుతున్నాయి.

"నాలుగు పాయింటు ఒకటి! ఇంకోసారి సెప్పమ్మా బిందుమాధవమ్మా, ఎంత?"

"నాలుగు ఒకటి. పదిసార్లు చెప్పేను."

"ఇంకోపాలి సెప్తే నీ నోరేటి అరిగిపోదు. ఎక్కుతంది కదా? నా మందే కదా?"

"మీ మందే. సార్ సరేనన్నారు, పెట్టేను. మీరు ఊరికే కదిలితే సూది జారుతుంది."

"కదలను. కొండరాయిలా ఉంటాను. అయిదు వారాలకి, తల్లీ! సత్తియ్యా, సూడరా, సుక్క సుక్కా దిగుతంది. ఎంత బాగుందో!"

"ఊఁ."

"నీకెలగుంది?"

"సెయ్యి మంటెడతంది."

"పొటాషియం అలాగే మండుతుంది సత్తియ్య గారూ. అందుకే మెల్లగా పెట్టేను. ఇందాక మీకు మళ్ళీ తీస్తే రెండు నాలుగు వచ్చింది. ఇంకో రెండ్రోజులు ఇంట్లో ఉండి ఆ మాత్రలు మింగుంటే... సర్లెండి. ఇక్కడికి వచ్చేరు, బతికేరు."

"ఇన్నావా? నా మచ్చు వల్లే నువ్వు బతికేవు. దొంగపనైనా ఒకోసారి పనికొత్తాది."

"మురిసిపోకండి. నాకు ఒక్కటి అర్థం కావట్లేదు కొర్లయ్య గారూ. మీరు సిరప్ తాగలేదు. కిందటి వారం రెండు ఎనిమిది. ఈ వారం నాలుగు ఒకటి. ఎలా పెరిగింది? విరోచనాలు తగ్గేయా?"

"నాకు విరోచనాలెప్పుడమ్మా? వాంతులే, అవీ మొదటి రెండ్రోజులూ, మళ్ళీ ఇక్కడికొచ్చీ ముందు రేత్రి బెంగకీ."

"మరి అసలు అంతలా ఎందుకు పడిపోయింది?"

"పడిపోవడం సంగతి నాకు తెలీదు. పెరగడం సంగతి నాకు తెలుసు. మా అరటిసెట్టు!"

"గెల ఇంకా పండలేదన్నారు కదా?"

"పండలేదు. గాని రోజూ దాని కిందే కూకుంటన్నాను. దాని ఆకులోనే తింటన్నాను. ఆ మందంతా తాగిన ఆకమ్మా అది! ఏడన్నం ఏత్తే ఆకులోంచి దిగదేటి?"

"అలా ఏ పుస్తకంలోనూ లేదండి."

"రాయండి మరి! డాక్టరు గార్ని పిలు, నేను సెప్తాను, ఆయన రాసుకుంటారు. ఈ గదిలో ఎంతమందికి తక్కువుంది సెప్పు? మా సెట్టు మొదట్లో నాలుగు పిలకలున్నాయి. తలో పిలకా ఇచ్చేత్తాను."

"ఆ మూల మంచం ఆవిడ అప్పుడే నన్నడిగింది, పిలక కావాలని. మీరు ఆస్పత్రిలో తోట పెట్టించేలాగున్నారు. నేను వెళ్తున్నాను, ఆ సీసా అయ్యేముందు పిలవండి."

"అలగే తల్లీ. ఒరే సత్తియ్యా, ఆ ఫోను తీసి మీ అక్కకి కలుపు. నేను ముట్టుకోలేను, సల్లగా ఉంటాది."

"ఎందుకు?"

"లోవలక్ష్మికి సెప్పాల. సాయింత్రం ఆ సెట్టుకి పసుపు రాసి, బొట్టెట్టి, ఒక కొబ్బరికాయ కొట్టమని. నా పేణం నిలబెట్టిన సెట్టు."

"బావా."

"కలిపేవా?"

"పసుపు ఒద్దు బావా."

"ఏం, సెట్టు నీకేటి సేసింది?"

"నాకేటీ సెయ్యలేదు. నీకూ ఏటీ సెయ్యలేదు."

"మంట సెయ్యికా, బుర్రకా? తిన్నగా సెప్పు."

"ఆ రోజు రేత్రల్లా వాంతులు సేసుకున్నావు. తెల్లారగట్ల మాత్ర ఏసుకుని అప్పుడే కన్ను మూసేవు. సింహాచలం బయటినించి కొర్లయ్యా అని పిలిచేడు. నిన్ను లేపబుద్ది కాలేదు. సెయ్యి సాపేను."

"ఎప్పటి మాట?"

"మొదటిసారిది."

"మొదటిసారంటే... రెండు తొమ్మిదా?"

"ఊఁ."

"అది నీదా?"

"ఊఁ."

"నెత్తురంటే నెత్తురే కదా, ఎవులదైతే ఏటని ఇచ్చేసేవా?"

"అలగే అనుకున్నాను. నాకు తక్కువుంటాదని నాకేటి తెలుసు?"

"మరి నా అరటిపళ్ళు?"

"నేనే తిన్నాను. రోజుకి రెండు. పెరుగుతాదేమోనని."

"ఉండు, ఉండు. రెండోసారి? రెండు ఎనిమిది?"

"అదీ నాదే."

"ఒరే! మొదటిసారంటే నేను నిద్దరోతన్నాను, తెలీక ఇచ్చేవు. రెండోసారికి నీకు తెలుసు కదరా, నీ నెత్తుర్లో తక్కువుందని! అప్పుడైనా నన్ను తట్టి లేపొచ్చు కదా! నాది ఇచ్చుంటే ఆ రోజే నాకు మందు పడిపోను! ఎందుకురా లేపలేదు?"

"ఎద్దులాటోణ్ణి, నాకే రెండు తొమ్మిది వచ్చింది. నీది తీత్తే అందులో ఇంక ఏటీ మిగల్లేదంటారేమోనని బయమేసింది బావా."